తెల్లవారుజామున సరస్సులో బండల నీడ: కంటికి కనిపించినట్టు ఫొటోలో ఎందుకు రావట్లేదు?

తొలిపొద్దు | ఆదివారం, ఉదయం 10:40

ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప ఒక్క ముక్క రాసింది లేదు. ఇక ఆగలేక అడుగుతున్నాను.

నేను వెళ్లేది చిన్న సరస్సే. పడమటి గట్టున పెద్ద పెద్ద గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. ఎత్తు ఒక 20 మీటర్లు ఉండొచ్చు. నేను ఎదురు గట్టున, వాటికి దాదాపు 100 మీటర్ల దూరంలో నిలబడతాను. ఆ వేళకు నీళ్లు అస్సలు కదలవు. గుండ్లనీ నీళ్లలో వాటి నీడనీ (ప్రతిబింబాన్నే నీడ అంటున్నాను) కలిపి చూస్తే ఏది పైదో ఏది కిందిదో తేల్చుకోవడానికి ఒక్క క్షణం పడుతుంది.

ఫొటోలో మాత్రం పైన గుండ్లు బాగానే వస్తున్నాయి, కింద నీడ మసిబారినట్టు వస్తోంది. ఫ్రేము అడుగు భాగంలో అయితే నీడే లేదు, నీళ్ల కింద గులకరాళ్లు తేలుతున్నాయి. మూడు వారాల్లో 140 ఫొటోలు తీశాను. ఒక్కటీ నచ్చలేదు. పైగా అన్నీ ఒక పక్కకు ఒరిగినట్టున్నాయి. ట్రైపాడ్ మీది రసమట్టం చూసే పెట్టాను, ఇంటికొచ్చాక గట్టు గీతను బట్టి మళ్లీ సరిచేశాను కూడా. సరిచేశాక ఇంకా ఎక్కువ ఒరిగింది!

ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 16-35 ఎంఎం వైడ్ లెన్స్, ముందు సర్క్యులర్ పోలరైజర్ (నీళ్ల మీది మెరుపును తగ్గించే ఫిల్టర్). నీళ్ల ఫొటోలకు అది తప్పనిసరి అన్నారు కాబట్టి ఎప్పుడూ తీయను. ఇంకో సందేహం, ఫోకస్ నీడ మీద పెట్టాలా, నీళ్ల మీద పెట్టాలా?

---

ఎఫ్11 | ఆదివారం, ఉదయం 10:52

పోలరైజర్ పీకేయండి. దొంగ దొరికాడు.

---

మూడుకాళ్ల_ముసలి | ఆదివారం, ఉదయం 11:30

పీకేయక్కర్లేదు, తిప్పితే చాలు. తొలిపొద్దు గారూ, పోలరైజర్ పెట్టి ఎప్పుడైనా దాని రింగు తిప్పుతూ తెర మీద నీళ్లను చూశారా? బిగించి వదిలేశారేమోనని నా అనుమానం.

నీటి మీద పడి మనవైపు తిరిగొచ్చే వెలుగులో అడ్డంగా కంపించే భాగమే ఎక్కువ. పోలరైజర్‌ను ఒకవైపు తిప్పితే అది దాన్ని ఆపేస్తుంది, నీడ మాయమై నీళ్ల అడుగు కనిపిస్తుంది. అక్కడి నుంచి పావు చుట్టు తిప్పితే అదే భాగాన్ని రానిచ్చి, నీళ్ల లోపలి నుంచి వచ్చే వెలుగును కొంత తగ్గిస్తుంది. అప్పుడు నీడ చిక్కబడుతుంది. చేపలను తీసేవాళ్లకు మొదటిది కావాలి, మీకు రెండోది. సలహా ఇచ్చినవాళ్లు సగమే చెప్పారు.

నీటి మట్టానికి దాదాపు 37 డిగ్రీల వాలులో కిందికి చూసే చోట పోలరైజర్ నీడను పూర్తిగా తుడిచేయగలదు. ఆ కోణం లెక్కను డేవిడ్ బ్రూస్టర్ 1815లోనే తేల్చాడు. మీ 16 ఎంఎం లెన్స్‌లో ఆ వాలు సరిగ్గా ఫ్రేము అడుగునే పడుతుంది. గులకరాళ్లు అక్కడే ఎందుకు తేలాయో ఇప్పుడు అర్థమైందిగా.

ఇంకొక్క మాట. పొద్దున మీరు పడమటికి తిరిగి తీస్తున్నారు, సూర్యుడు మీ వీపు వెనకే. ఎదుటి ఆకాశం మీద పోలరైజర్ ప్రభావం అప్పుడు దాదాపు ఉండదు. సూర్యుడు పక్కన ఉంటేనే దానికి పని. ఒకటిన్నర స్టాపు వెలుతురు తినేసి ఊరికే కూర్చుంటుంది. ఒక స్టాపు తగ్గడమంటే వెలుతురు సగం కావడం.

---

నీటిపురుగు | ఆదివారం, మధ్యాహ్నం 12:15

ముసలాయన చెప్పింది నిజమే, దానికి తోడు కెమెరాను కిందికి దించండి. నేనైతే మోకాళ్ల మీద కూర్చుని నీళ్లకు జానెడు ఎత్తులో పెడతాను. ఎంత కిందికి దించితే నీడ అంత వెలుగుతుంది. ప్యాంటు తడుస్తుంది, అది వేరే విషయం.

---

చీకటిగది | ఆదివారం, మధ్యాహ్నం 2:05

నీటిపురుగు గారి సలహా మంచిదే, చెప్పిన కారణమే తప్పు. కొంచెం లెక్క చూద్దాం, విసుక్కోకండి.

నీళ్లు ఎంత వెలుగును తిప్పి పంపుతాయన్నది మన చూపు ఎంత వాలుగా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. 5 డిగ్రీల వాలులో చూస్తే దాదాపు 58 శాతం తిరిగొస్తుంది. 10 డిగ్రీలకు 35 శాతం. 20 డిగ్రీలకు 13. నిట్టనిలువుగా కాళ్ల దగ్గరికి చూస్తే 2 శాతమే. స్టాపుల్లో చెప్పాలంటే 35 శాతం అంటే ఒకటిన్నర స్టాపు తక్కువ, 13 అంటే మూడు స్టాపులు తక్కువ.

ఇప్పుడు తొలిపొద్దు గారి గుండ్లు. 20 మీటర్ల ఎత్తు, 100 మీటర్ల దూరం. కెమెరా మీటరున్నర ఎత్తులో ఉంటే గుండు కొన నీడ 12 డిగ్రీల వాలులో కనిపిస్తుంది. 30 సెంటీమీటర్లకు దించితే పదకొండున్నర. అంతే తేడా! నీడ కొన వెలుగును తేల్చేది గుండు ఎత్తూ దూరమే, కెమెరా ఎత్తు కాదు.

మరి దించడం ఎందుకు మంచిదంటే, ఆ కొన నీడ నీటి మీద పడే చోటు మారిపోతుంది. మీటరున్నర ఎత్తులో అది మీకు 7 మీటర్ల దూరాన ఉంటుంది. 30 సెంటీమీటర్లలో అయితే మీటరున్నర దూరంలోనే. ఇంకా చెప్పాలంటే, ఆ 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి చూస్తే, అడుగున ఓ 4 మీటర్లు వదిలేసి గుండ్ల మిగతా నీడంతా మీ ముందున్న 7 మీటర్ల నీళ్లలోనే ఇమిడిపోతుంది. సరస్సు మధ్యలో గాలికి అలలు లేచినా, మీ ముందు రెల్లు చాటున నాలుగు బారల నీళ్లు కదలకుండా ఉంటే చాలు. కుంటలోనో వాన నీటి గుంటలోనో అంత పెద్ద కొండ ఎలా పడుతుందా అనుకుంటాం చూడండి, కిటుకు ఇదే.

---

నీటిపురుగు | ఆదివారం, మధ్యాహ్నం 2:20

పప్పులో కాలేశానన్నమాట. పదేళ్లుగా తప్పు కారణంతో సరైన పని చేస్తున్నాను :)

---

తొలిపొద్దు | ఆదివారం, సాయంత్రం 6:10

అందరికీ ధన్యవాదాలు. ముసలి గారూ, మీ అనుమానం నిజమే. పోలరైజర్ తిరుగుతుందని తెలుసు, తిప్పాలని తెలియదు. మిగతా రెండు సందేహాలు, ఒరగడమూ ఫోకసూ, ఇంకా అలాగే ఉన్నాయి.

---

బండరాయి_బాబాయ్ | ఆదివారం, రాత్రి 9:00

ఒరగడం సంగతి నేను చెప్తాను. రసమట్టం తప్పు చెప్పలేదమ్మా, గట్టు గీతే మోసం చేసింది. ఎదుటి గట్టు మీకు సమానంగా అడ్డంగా ఉంటేనే ఫొటోలో ఆ గీత అడ్డంగా వస్తుంది. ఒక కొస దగ్గరగా, ఒక కొస దూరంగా ఉంటే అది ఏటవాలుగా రావడమే న్యాయం. దాన్ని మీరు బలవంతంగా పడుకోబెట్టారు, గుండ్లు ఒరిగాయి.

నీడ ఉన్న ఫొటోకు వేరే మట్టం అక్కర్లేదు. గుండు కొన ఒకటి, నీటిలో దాని కొన ఒకటి. రెండింటినీ కలుపుతూ ఊహలో గీత గీయండి. అది నిట్టనిలువుగా ఉందంటే ఫొటో సరిగ్గా ఉన్నట్టే. ఫ్రేము మధ్యలో ఉన్న కొననే తీసుకోండి. వైడ్ లెన్స్‌తో కెమెరాను పైకో కిందికో వంచితే అంచుల్లో నిలువు గీతలు వాలిపోతాయి.

ఇక వెలుగు. మీరు ఎన్నింటికి తీస్తున్నారో రాయలేదు. ఎండ గుండ్ల కొనలకు తగిలి మెల్లగా కిందికి దిగుతుంటుంది, మీ ముందున్న నీళ్లు ఇంకా ఎండ తగలకుండా మీ గట్టు చాటునే ఉంటాయి. పని జరిగేది ఆ పావుగంటలోనే. నీళ్లు చీకట్లో, బండ వెలుగులో. ఎండ నీళ్లలోకి దిగిందా, అడుగున ఉన్న ఇసుక, పాచి అన్నీ వెలిగి నీడతో పోటీకి వస్తాయి. అప్పుడు పోలరైజర్ తిప్పినా లాభం తక్కువ.

గాలి కూడా అంతే. రాత్రంతా నేల చల్లబడి దాని మీద చల్లగాలి పొర బరువుగా కూర్చుంటుంది, పైన వీచే గాలి కిందికి దిగదు. పొద్దెక్కి నేల వేడెక్కగానే ఆ పొర విడిపోయి అలలు మొదలవుతాయి. కొండల మధ్య సరస్సు అయితే తెల్లవారుజామునే వాలు మీంచి చల్లగాలి జారి రావచ్చు, అది వేరే లెక్క.

సూర్యుడు సరిగ్గా వీపు వెనక ఉంటే బండలు చదునుగా, కాగితం మీద అతికించినట్టు వస్తాయి. గట్టు వెంట ఓ నలభై, యాభై అడుగులు పక్కకు జరిగి చూడండి. పగుళ్లలో నీడ పడి రాయికి ఒళ్లు వస్తుంది.

---

ఎఫ్11 | ఆదివారం, రాత్రి 9:25

ఫోకస్ నా వాటా. నీడ నీటి మీద ఉన్నట్టు కనిపిస్తుంది గానీ అది అక్కడ లేదు. వెలుగు గుండు నుంచి నీటికి, నీటి నుంచి మీకు వచ్చింది కాబట్టి లెన్స్‌కు అది కూడా 100 మీటర్ల దూరమే. గుండు మీద ఫోకస్ పెడితే నీడా పదునుగా వస్తుంది. నీటి మీద తేలే ఆకు మీద పెడితే రెండూ మెత్తబడతాయి.

ఆకూ కావాలి, గుండూ కావాలంటే నా పేరు చూడండి. 24 ఎంఎం దగ్గర లెన్స్ రంధ్రాన్ని ఎఫ్ 11కు చిన్నది చేసి 1.8 మీటర్లకు ఫోకస్ చేస్తే దాదాపు 90 సెంటీమీటర్ల నుంచి అనంతం దాకా పనికొచ్చేంత పదును ఉంటుంది. చీకట్లో ఆటోఫోకస్ తడుముకుంటుంది, మాన్యువల్‌లో పెట్టి తెర మీద పెద్దది చేసి చూసుకోండి.

---

కొంగజపం | సోమవారం, ఉదయం 8:15

అందరూ పెద్దవాళ్లు, తప్పుగా అనుకోకండి. పైసగం మంచిగా వచ్చిందిగా? కంప్యూటర్‌లో దాన్నే తలకిందులు చేసి కింద అతికించి, ఒక స్టాపు చీకటి చేస్తే అయిపోయె. నాలుగింటికి లేవడం, ప్యాంటు తడవడం, ఈ డిగ్రీలు... ఇదంతా దేనికి?

---

మూడుకాళ్ల_ముసలి | సోమవారం, ఉదయం 8:40

దేనికంటే ఇది ఫొటోలు తీసేవాళ్ల చోటు కాబట్టి.

---

కొంగజపం | సోమవారం, ఉదయం 8:44

కోప్పడకండి సార్. చూసేవాడికి తేడా తెలియనప్పుడు ఏది ఎలా చేస్తే ఏంటి అని అడిగాను, అంతే.

---

చీకటిగది | సోమవారం, ఉదయం 10:30

తెలుస్తుంది. అసలు సరదా అక్కడే ఉంది.

నీటిలో నీడ పైబొమ్మకు నకలు కాదు. మీ కెమెరా నీటికి మీటరు ఎత్తులో ఉందనుకోండి. నీటి మట్టానికి సరిగ్గా మీటరు కింద ఇంకో కెమెరా పెట్టి పైకి చూస్తే ఏం కనిపిస్తుందో, నీడలో కనిపించేది అది. అంటే ఒకే ఫ్రేములో రెండు వేర్వేరు చోట్ల నుంచి తీసిన రెండు బొమ్మలు ఉంటాయి. ముందుకు పొడుచుకొచ్చిన బండ పైభాగం మనకు నేరుగా కనిపిస్తుంది, దాని అడుగుభాగం నీడలో కనిపిస్తుంది. దగ్గరి గుండు వెనక తొంగిచూసే దూరపు కొండ నీడలో ఇంకా పొట్టిగా ఉంటుంది, ఒక్కోసారి గుండు చాటున పూర్తిగా దాక్కుంటుంది. 100 మీటర్ల దూరంలో ఉన్నవాటికి ఈ తేడా తక్కువే, పట్టుకోవడం కష్టం. నాలుగడుగుల దూరంలో రాయి ఉంటే మాత్రం ఇట్టే దొరికిపోతుంది.

వెలుగు సంగతీ అంతే. పైన చెప్పిన శాతాలు చూడండి. గుండు మొదలు నీడ దాదాపు రాయంత వెలుగుతో ఉంటుంది, కొన నీడ దగ్గరికి వచ్చేసరికి ఒకటిన్నర స్టాపు పైగా పడిపోతుంది. అంతటా సమానంగా ఒక స్టాపు చీకటి చేసిన నీడను చూస్తే ఎందుకో చెప్పలేకపోయినా కన్ను నమ్మదు. గ్రాడ్యుయేటెడ్ ఎన్‌డీ ఫిల్టర్ (పైసగం మాత్రమే నల్లగా ఉండే ఫిల్టర్) వాడేవాళ్లు చేసే తప్పు కూడా ఇలాంటిదే. మూడు స్టాపుల ఫిల్టర్‌తో ఆకాశాన్ని తొక్కేస్తే నీటిలో ఆకాశం అసలు ఆకాశం కంటే ఎక్కువ వెలుగుతుంది. ప్రకృతిలో అది జరగదు. నేనైతే ఫిల్టర్ మానేసి ఆకాశానికొకటి, నీళ్లకొకటి రెండు ఎక్స్‌పోజర్లు తీసుకుంటాను.

పక్కదారి పట్టి ఒక్క మాట. 1861లో కార్లటన్ వాట్కిన్స్ అనే ఫొటోగ్రాఫర్ అమెరికాలోని యోసెమిటీ లోయలోకి సుమారు 18×22 అంగుళాల గాజు పలకలు పట్టే కెమెరాను మోసుకెళ్లాడు. నీళ్లలో కొండల నీడలు కూడా తీశాడు. తడి కొలోడియన్ పలకలవి, అక్కడికక్కడే రసాయనం పూసి, తడి ఆరకముందే తీసి, కడిగేయాలి. పైగా ఆ పలకలు ఎక్కువగా నీలి వెలుగుకే స్పందిస్తాయి, అందుకే ఆకాలపు ఫొటోల్లో ఆకాశం తెల్లకాగితంలా ఉంటుంది. రింగు తిప్పడానికి బద్ధకించినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

---

నీటిపురుగు | సోమవారం, ఉదయం 11:10

చిరు అలల గురించి ఎవరూ అనలేదు. నీళ్లు కొంచెం కదిలితే నీడ అడ్డంగా కాదు, నిలువుగా సాగుతుంది. అది చెడిపోయినట్టేమీ కాదు, నాకైతే నున్నటి అద్దం కంటే అదే ఇష్టం. వెలుతురును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్‌తో 20, 30 సెకన్లు తెరిచి ఉంచితే అలలన్నీ కలిసిపోయి రంగులు మెత్తగా పరుచుకుంటాయి, కానీ పగుళ్లు పోతాయి. పగుళ్లు కావాలంటే గాలి ఆగే దాకా కూర్చోవడమే. రెండు అలల మధ్య నాలుగైదు సెకన్లు దొరుకుతాయి, కెమెరాను ముట్టకుండా క్లిక్ చేసే కేబుల్ రిలీజ్ చేతిలో పట్టుకుని ఉండండి.

---

తొలిపొద్దు | ఆదివారం, ఉదయం 9:35

వెళ్లొచ్చాను. జరిగింది జరిగినట్టు చెప్తాను, నవ్వుకోండి.

ఐదుంపావుకల్లా గట్టు మీద ఉన్నాను. రాత్రంతా ఏసీ గదిలో పెట్టిన కెమెరాను సంచిలోంచి తీయగానే లెన్స్ మీద మంచు పట్టినట్టు ఆవిరి. తుడిస్తే మళ్లీ. ఇరవై నిమిషాలు దానికే పోయాయి. చీకటి ఇంకా ఉంది కాబట్టి బతికిపోయాను.

చెప్పినట్టే కెమెరాను దించాను, నీటికి జానెడున్నర ఎత్తు. నీటిపురుగు గారి మాట విని ముందు 20 సెకన్లవి నాలుగు తీశాను. తెర మీద బాగానే ఉన్నాయి, పెద్దది చేస్తే ప్రతి గుండుకూ రెండు అంచులు! గాలి లేదు, నేను కెమెరాను ముట్టుకోలేదు. చూస్తే ట్రైపాడ్ ముందు కాలు బురదలోకి మెల్లగా దిగబడుతోంది. బెత్తెడు దిగింది. మూడు కాళ్లనూ చేత్తో గట్టిగా నొక్కి, ఇక దిగదు అనుకున్నాక మళ్లీ మొదలుపెట్టాను.

6:04కు కొనలకు ఎండ తగిలింది. ఎడమకు ఓ యాభై అడుగులు జరిగాను కాబట్టి పగుళ్లన్నీ నల్లటి గీతల్లా తేలాయి. పోలరైజర్ తిప్పుతుంటే ఒకచోట నీడ మెల్లగా లోపలి నుంచి పైకి వచ్చినట్టు చిక్కబడింది. మూడు వారాలు నేను దాన్ని తుడిచేసి తీశానన్నమాట. 6:19కి ఎండ నా ముందు నీళ్లలోకి వచ్చింది, గులకరాళ్లు మళ్లీ ప్రత్యక్షం. బాబాయ్ చెప్పిన పావుగంట అక్షరాలా పావుగంటే.

నచ్చిన ఫొటో ఒకటి పెడుతున్నాను. 24 ఎంఎం, ఎఫ్ 11, 1/4 సెకను, ఐఎస్ఓ 100. ముందున్న చిన్న రాయి నాకు రెండు మీటర్ల దూరంలో ఉంది. గుండ్లు తడిసిన చార ఉంటుంది కదా, రాయీ నీడా కలిసే చోట, దాన్ని సరిగ్గా ఫ్రేము మధ్యలో పెట్టాను. మధ్యలో పెట్టకూడదంటారు, తప్పా?

---

బండరాయి_బాబాయ్ | ఆదివారం, ఉదయం 10:05

తప్పేం లేదు. రెండు సగాలూ సమానమని చెప్పే ఫొటోకు గీత మధ్యలోనే ఉండాలి. ఆకాశం ఖాళీగా ఉందని పైన కోస్తే నీడ కొన కింద ఒంటరిగా వేలాడేది. అలాగే ఉంచు.

---

ఎఫ్11 | ఆదివారం, ఉదయం 10:11

పదును అదిరింది. కుడి అంచున చిన్న కొమ్మ అడ్డమొచ్చింది, అది మాత్రం కోసేయండి.

---

కొంగజపం | ఆదివారం, ఉదయం 10:48

పెద్దది చేసి చూశాను. తొలిపొద్దు గారూ, నిజం చెప్పండి, ఇది అతికించిందే కదా? ముందున్న చిన్న రాయి చూడండి. నీటి మీదికి బెత్తెడు ఎత్తులో దాని పెదవి ముందుకు వచ్చింది. పైన రాయి నున్నగా ఉంది. కింద నీడలో ఆ పెదవి అడుగున నాలుగు నత్తలు అంటుకుని ఉన్నాయి. పైన లేని నత్తలు నీడలోకి ఎక్కడి నుంచి వచ్చాయి?

---

తొలిపొద్దు | ఆదివారం, ఉదయం 10:55

నత్తలా? నేను చూడనే లేదు!

---

చీకటిగది | ఆదివారం, ఉదయం 11:02

కొంగజపం గారూ, నీటికి జానెడున్నర కింద రెండో కెమెరా ఉందనుకుని ఇంకోసారి చూడండి.

---

కొంగజపం | ఆదివారం, ఉదయం 11:20

...ఐదో నత్త కూడా ఉంది. వచ్చే వారం ఎన్నింటికి బయల్దేరాలి?